బ్రదర్ లారెన్స్ – దైవసన్నిధి సాధన

బ్రదర్ లారెన్స్ (సుమారు 1614–1691) పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చాలాకాలం వంటపని, ఆ తర్వాత చెప్పులు బాగుచేసే పని చేసిన సన్యాసి. గురుపట్టం పొందినవాడు కాదు, పెద్దగా చదువుకున్నవాడూ కాదు. దేవుడు ఎల్లవేళలా తన పక్కనే ఉన్నాడన్న ఎరుకతో ప్రతి పనీ చేయడమే విశ్వాస జీవితానికి ఆయువుపట్టని నమ్మి, నమ్మినట్టే బతికాడు. ఆయన సంభాషణలు, ఉత్తరాలు కలిసిన చిన్న పుస్తకం 'దైవసన్నిధి సాధన' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రసిద్ధి పొందింది.

అసలు పేరు నికొలా ఎర్మాన్. అప్పటికింకా ఫ్రాన్స్‌లో కలవని లొరెయిన్‌లో, లూనెవిల్ పట్టణానికి దగ్గరి ఎరిమెనిల్ గ్రామంలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట ఒక శీతకాలం ఆకులన్నీ రాలిన చెట్టును చూసి, కొన్నాళ్లకు అదే మళ్లీ చిగురించి పూతా కాతా తొడుగుతుందన్న ఆలోచనతో దేవుని శక్తి మీద గురి కుదిరిందని తర్వాత చెప్పాడు. ముప్పయ్యేళ్ల యుద్ధంలో సైనికుడిగా గాయపడ్డాడు. ఆ గాయంతో వచ్చిన కుంటితనం చివరిదాకా వదల్లేదు. కొంతకాలం ఒక సంపన్నుడి కొలువులో ఉన్నాడు. చేతికందిన ప్రతిదీ పగలగొట్టే మొద్దుగా అప్పటి తనను తానే వర్ణించుకున్నాడు.

1640లో మఠంలో చేరాడు. తన మొద్దుతనానికి అక్కడ తగిన శాస్తి జరుగుతుందనుకుంటే తృప్తి తప్ప మరేమీ దొరకలేదని, దేవుడు తనను భలే మోసం చేశాడని అనేవాడట. దీన్ని సరదా మాటగానే తీసుకోవాలి. మొదటి పదేళ్లూ చాలా బాధపడ్డానని ఉత్తరాల్లో ఆయనే రాశాడు. తనకిక రక్షణ లేదన్న భయం నాలుగేళ్లపాటు పీడించింది. తాను దేవుణ్ణి ప్రేమించి వచ్చానే తప్ప మరి దేనికోసమూ కాదు కనుక, ఏమైనా ఆయన కోసమే బతుకుతానన్న నిశ్చయమే ఆ భయం నుంచి గట్టెక్కించింది.

వంటపని ఆయనకు సహజంగా గిట్టదు. అయినా సుమారు పదిహేనేళ్లు అదే పని. పని మొదలుపెట్టే ముందు చిన్న ప్రార్థన, పని మధ్యలో మనసులోనే దేవునితో రెండు మాటలు, ముగిశాక ఎలా చేశానన్న పరిశీలన. బాగా చేస్తే కృతజ్ఞత. తప్పు దొర్లితే క్షమాపణ అడిగి, కుమిలిపోకుండా మళ్లీ పనిలోకి. పెనం మీద ఆమ్లెట్ తిప్పడం, నేల మీది గడ్డిపరక తీయడం కూడా దేవుని మీది ప్రేమతో చేయవచ్చనేవాడు. మఠానికి ద్రాక్షసారా కొనడానికి బర్గండీకి పంపినప్పుడు, కాలు సహకరించక పడవలో పీపాల మీదుగా దొర్లుతూ కదలవలసి వచ్చేది. అలాంటి ప్రయాణానికీ అదే పద్ధతి. ప్రార్థన వేళ, పని వేళ ఆయనకు వేరు కావు. దేవుడు గిన్నెల మధ్యనే తిరుగుతాడని ఆ సన్యాస సంఘాన్ని సంస్కరించిన అవిలా తెరెసా అంతకుముందే రాసింది. ఆ మాటను లారెన్స్ బతికి చూపించాడు.

ఆయన చెప్పిన సన్నిధి ఒక అనుభూతి కాదు, అలవాటు. మనసు పక్కకు పోయిన ప్రతిసారీ నెమ్మదిగా వెనక్కి తెచ్చుకోవడమే ఆ సాధన. దేవుని ఆత్మకు మరుగై ఎక్కడికీ పోలేమని చెప్పే 139వ కీర్తన, యుగసమాప్తి వరకు తోడుంటానని మత్తయి సువార్త చివర యేసు ఇచ్చిన మాట ఈ నమ్మకానికి బైబిలు పునాదులు. దర్శనాలు, పరవశాలు కోరేవారికి లారెన్స్ దగ్గర దొరికేది తక్కువ.

1691 ఫిబ్రవరి 12న మరణించాక, ఆయనతో మాట్లాడిన విషయాలు రాసిపెట్టుకున్న జోసెఫ్ ద బొఫోర్ అనే గురువు 1692, 1694లలో రెండు సంపుటాలు ప్రచురించాడు. కాలం కలిసిరాలేదు. మౌనధ్యానాన్నే సర్వస్వంగా భావించే 'క్వయటిజం' మీద అప్పట్లో పెద్ద వివాదం రేగింది. లారెన్స్‌ను ఎరిగిన ఫ్రెంచ్ ఆర్చ్‌బిషప్ ఫెనెలోన్ రాసిన పుస్తకంలోని కొన్ని ప్రతిపాదనలను 1699లో పోప్ ఖండించాడు. ఆ నీడ లారెన్స్ మీదా పడింది. గరిట పట్టి రోజంతా శ్రమించినవాణ్ణి ఆ గాటన కట్టడం అన్యాయమే.

తర్వాత ఆయనను నిలబెట్టినవారిలో ప్రొటెస్టంట్ల పాత్ర పెద్దది. జాన్ వెస్లీ తన 'క్రిస్టియన్ లైబ్రరీ'లో ఆయన రచనలకు చోటిచ్చాడు. కొత్తగా చదవాలనుకునేవారు ఉత్తరాలతో మొదలుపెట్టడం మేలు: సంభాషణలు బొఫోర్ రాసుకున్నవి, ఉత్తరాలు లారెన్స్ స్వయంగా రాసినవి.