ఓడకు ఆశ్రయము

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి కోవెల దాపున నివసించు మావంటివారికి సముద్రము దూరపు చుట్టము. అయినను ఆ సముద్రమునకు పోవు బాట మాకు చేరువనే కలదు. ఎల్.బి.నగర్ కూడలినుండి తూర్పుగా సాగు రహదారి హయత్‌నగర్, సూర్యాపేట, విజయవాడల మీదుగా పోయి బందరులో ముగియును. గోలకొండ సుల్తానుల నాడును వర్తకులు ఇంచుమించు ఈ దిక్కుగనే బందరునకు ప్రయాణము చేసెడివారు. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగము పేర వెలసిన మసీదును, దాని చుట్టు బాటసారులకై కట్టిన గదుల బారులును ఆ రాకపోకలకు నేటికిని సాక్ష్యము పలుకుచున్నవి.

బాటసారికి సరాయి ఎట్టిదో ఓడకు రేవు అట్టిది. మన భాషలో దానికి నౌకాశ్రయమని పేరు. ఆ పేరులోని ఆశ్రయమను మాట ఆలోచింపదగినది. లంగరు వేసిన ఓడకు ఆశ్రయమిచ్చునది నేలయా, నీరా, మనుష్యుడా? ఈ ప్రశ్నకు తెలుగుతీరపు చరిత్రయే సమాధానము చెప్పగలదు.

మన తీరమున కొండల నడుమ ఒదిగిన సహజమైన రేవులు మిక్కిలి అరుదు. కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన పల్లపునేలయే ఎక్కువ. నది తన ముఖద్వారమున ఓడకు త్రోవ చూపును. ఆ త్రోవనే కాలక్రమమున ఇసుకతో పూడ్చివేయును. ఘంటసాల ఇందుకు తార్కాణము. గ్రీకు భూగోళవేత్త టాలెమీ క్రీస్తుశకము రెండవ శతాబ్దమున పేర్కొనిన కొంటకోస్సిల ఈ ఘంటసాలయే యని పండితుల అభిప్రాయము. అచ్చటి ప్రాకృత శాసనములలో మహానావికుని ప్రసక్తి కలదు. ఆ కాలముననే శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మతో నాణెములు వేయించెను. నేడు ఘంటసాలలో నిలిచి చూచినచో అన్నివైపుల వరిచేలే కానవచ్చును. సముద్రము ఎంతో దూరము తొలగిపోయినది.

నేలను, నీటిని నమ్ముటకు వీలులేనప్పుడు నావికుడు ఇక ఎవరిని నమ్మవలెను? నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమున ఒక రాతిస్తంభము ఈ విషయమును చెప్పుచున్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసనము దానిపై కలదు. గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలవంతముగ తీసికొనెడివారట. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలంచి సముద్రమున పడి వచ్చు వర్తకులపై దయతలచి, నిర్ణయమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితినని గణపతిదేవుడు చాటెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకమనియు, చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టుదారము మున్నగువాని కింతింత అనియు ఆ రాతిమీదనే వ్రాయించెను. అడుగువాడెవ్వడైనను అంతకు మించి అడుగుటకు వీలులేదు.

ఓడ పగులుట సముద్రము చేసిన హాని. పగిలిన ఓడను దోచుట మనుష్యుడు చేసిన హాని. మొదటిదానిని రాజు ఆపలేడు, రెండవదానిని ఆపగలడు. మోటుపల్లి శాసనము చేసినది ఆ రెండవ పని. అరువది సంవత్సరములు గడవకముందే వెనిసు యాత్రికుడు మార్కోపోలో ముట్ఫిలి యను పేర ఈ రాజ్యమును వర్ణించి, ఇచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. కాకతీయుల పిమ్మట రెడ్డిరాజులును ఈ అభయమును విడువలేదు. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరల శాసనము వేయించి పరదేశి వర్తకులను ఆహ్వానించెను.

గోలకొండవారి కాలమున ఈ వైభవము బందరునకు దక్కినది. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చట అడుగుపెట్టిరి. 1652లో అచ్చట దిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, బంగాళాఖాతమున లంగరు వేయుటకు ఇంతకంటె మేలైన చోటు లేదని వ్రాసి, పెగూ, సయాము, మక్కా, సుమత్రాలకు ఓడలు ఇచ్చటినుండి బయలుదేరునని చెప్పెను. అయితే నీరు లోతులేక పెద్ద ఓడలు తీరమునకు దూరముననే నిలిచెడివి. సరకును, జనమును చిన్న పడవలు చేరవేసెడివి. ఈ తీరమున మసూలా పడవలని ప్రసిద్ధిగాంచిన వానికి ఇనుపమేకు ఉండదు. పలకలను కొబ్బరితాటితో కుట్టుదురు. అల కొట్టినప్పుడు పడవ వంగునుగాని విరుగదు. కాని 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనకు ఏ నేర్పును నిలువలేదు. బందరులోను, చుట్టుపట్లను సుమారు ముప్పదివేలమంది మృతిచెందిరి.

గోదావరి ముఖమునగల కోరంగి కథయు ఇట్టిదే. ఓడలు కట్టుటలో పేరువడసిన ఆ రేవును 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలు కూల్చినవి. మిగిలినదానిని ఇసుక పూడ్చినది. బర్మా వెళ్లిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలని పిలిచిన ఆ పేరొక్కటి చాలకాలము నిలిచినది. చిత్రమేమనగా, కోరంగిని పూడ్చిన గోదావరి ఇసుకయే ఉత్తరముగ సాగి హోప్ ద్వీపమై, కాకినాడకు అడ్డుగోడగ నిలిచినది. దాని చాటున కాకినాడ అఖాతము నెమ్మదిగ ఉండును. ఓడలు దూరమున లంగరు వేసియుండగా బార్జీలు సరకు మోయు పాతపద్ధతి అచ్చట నేటికిని పోలేదు.

విశాఖపట్టణమునకు డాల్ఫిన్ నోస్ కొండ సహజమైన అండ. అయినను 1933లో ఆ రేవు తెరువబడుటకు ముందు ఏండ్ల తరబడి నేల త్రవ్వవలసివచ్చినది. ప్రవేశమార్గమున అలలను ఆపుటకు రెండు పాత ఓడలను ముంచి వాటితో అడ్డుకట్ట వేసిరి. కాలముతీరిన ఓడలు రాబోవు ఓడలకు ఆశ్రయమైనవి.

ఇప్పుడు బందరునకు మరల ఓడలను రప్పించు ప్రయత్నము సాగుచున్నది. మంగినపూడి దాపున 2023 మే నెలలో కొత్త రేవు పనులు మొదలైనవి. అలలకు గోడ కట్టవచ్చును, పూడిక తీయవచ్చును. అయితే అదే సంవత్సరము నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖ చేపలరేవులో జరిగిన ప్రమాదమును మరువరాదు. ఒకదానికొకటి ఆనించి కట్టిన మరపడవలు పదులకొద్దీ ఒకే రాత్రి కాలిపోయినవి. అవి గాలివానకు చిక్కినవి కావు, కల్లోలసముద్రమున నిలిచినవి కావు. రేవులోనే, కట్టిన త్రాటితోనే కాలినవి. ఒక్కొక్క పడవపై ఆధారపడిన కుటుంబములెన్నో!

కావున గోడయు, లోతును మాత్రమే రేవు కానేరవు. పడవకు పడవకు నడుమ చోటు, నిప్పును ఆర్పు ఏర్పాటు, నష్టపోయినవానికి వెంటనే చేయూత, సుంకము వసూలులో న్యాయము, ఇవన్నియు చేరినప్పుడే అది ఆశ్రయమగును. గణపతిదేవుడు సముద్రపుటొడ్డున రాయి నిలిపి చాటినది పెద్ద వర్తకుని కొరకు. నేడు ఆ అభయము చిన్నపడవ జాలరికిని అందవలసియున్నది. కొత్తరేవు కట్టువారు తమ పటములు పరచుకొనుటకు ముందు ఒకసారి మోటుపల్లికి పోయి ఆ రాతిని చూచివచ్చిన బాగుండును.