కొత్తకుండ చెప్పిన వడపోత

తెలుగు పండితునిగా మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. శరీరశాస్త్రం నా పరిధిలోనిది కాదు. అయినా ఈసారి మూత్రపిండాల చరిత్రను గురించి వ్రాయవలసి వచ్చింది. కారణం మా పెద్దన్న.

ఆయనది జీవితమంతా వ్యవసాయమే. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న బిళ్ళలను ఏళ్ళ తరబడి మింగాడు. రక్తపోటును పట్టించుకోలేదు. కాళ్ళు వాచిన తరువాత పరీక్ష చేయిస్తే రెండు మూత్రపిండాలూ దాదాపు పని మానివేశాయని తేలింది. నాటినుండి వారానికి మూడుమార్లు పెద్దవంగర నుంచి వరంగల్లుకు ప్రయాణం, నాలుగేసి గంటలు డయాలసిస్. ఒకనాడు ఆ యంత్రం ప్రక్కన కూర్చుని ఉండగా ఆయన అడిగాడు: "తమ్మీ, గింత పెద్ద మిషన్ జేసే పని, నా నడుములున్న రెండు పిక్కలు ఇన్నేండ్లు దినాం జేసినయా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. సిగ్గు కలిగింది. ఎందుకంటే "మన పూర్వులకు ఇవన్నీ ఎప్పుడో తెలుసు" అని తరగతిలో ధీమాగా చెప్పినవాడిని నేనే. సామాన్యశాస్త్రం చెప్పే సహోపాధ్యాయుడు "ఎక్కడుందో చూపండి పంతులుగారూ" అంటే మాట దాటవేసినవాడినీ నేనే. ఇప్పుడు గ్రంథాలు ముందు వేసుకుని కూర్చున్నాను.

సంస్కృతంలో మూత్రపిండానికి వృక్కమని పేరు. చరకుడు వృక్కాలను మేదోవహ స్రోతస్సులకు, అంటే కొవ్వును మోసే మార్గాలకు, మూలమన్నాడు. అవి కొవ్వులో పొదిగి ఉంటాయి కనుక చూచినవారికి అలా తోచి ఉండవచ్చును. మూత్రానికి మాత్రం వస్తినే, అనగా మూత్రాశయాన్నే, ప్రధానస్థానంగా చెప్పారు. వృక్కానికీ మూత్రానికీ ముడి పడలేదు. నా ధీమా అక్కడ సడలింది.

అయితే సుశ్రుతసంహిత నిదానస్థానంలో ఒక చక్కని ఉపమానం దొరికింది. కొత్తకుండను మెడవరకు నీటిలో ముంచి ఉంచితే ప్రక్కలనుండి నీరు ఊరి అది నిండుతుంది. అలాగే వేలకొలది సూక్ష్మనాళాల ద్వారా వస్తి నిండుతుందని భావం. మా ఊరివారికి ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు. వేసవిలో కొత్త రంజన్ తెచ్చిన మొదటి దినాలలో దాని ఒళ్ళంతా చెమర్చడం చూడనివారెవరు? అవయవం విషయంలో పొరపాటు ఉన్నా, కంటికి కనిపించని రంధ్రాలగుండా ద్రవం ఊరుతుందన్న ఊహ మాత్రం గొప్పది. ఉన్నదానిని ఉన్నంతవరకే మెచ్చుకుందాం.

క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు జంతువులలో మూత్రనాళాలకు ముడివేసి చూపాడు. ముడి వేస్తే మూత్రాశయం ఖాళీగా ఉండిపోయింది. మూత్రం వృక్కాలనుండే వస్తుందని దానితో తేలింది. ఎలా వస్తుందన్నది తేలడానికి పదిహేను వందల ఏళ్ళు పట్టింది. 1666లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీగీ రక్తనాళంలోకి రంగుద్రవం ఎక్కించి సూక్ష్మదర్శినిలో చూచి, చెట్టుకు ఆపిల్ పండ్లవలె నాళాలకు వేలాడే చిన్న ఉండలను వర్ణించాడు. 1842లో ఇంగ్లండులో బౌమన్ ఆ ఉండను కప్పిన తొడుగే సన్నని గొట్టంగా సాగుతున్నదని చూపాడు. అదే కాలంలో జర్మనీలో లుడ్విగ్, రక్తపు ఒత్తిడివల్లనే అక్కడ వడపోత జరుగుతుందన్నాడు. కాదు, కణాలే మూత్రాన్ని స్రవిస్తాయని హైడెన్‌హైన్ వాదించాడు. ఈ వాదం దశాబ్దాలపాటు సాగింది.

దానిని తీర్చింది ఒక కప్ప! 1924లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వేర్న్, రిచర్డ్స్ అనేవారు వెంట్రుక వంటి గాజునాళికతో కప్ప మూత్రపిండపు తొడుగులోని ద్రవాన్ని తీసి పరీక్షించారు. అందులో చక్కెర ఉన్నది. మూత్రాశయంలోని మూత్రంలో లేదు. అంటే మొదట అన్నీ వడగట్టబడి, పనికివచ్చేవి దారిలో తిరిగి రక్తంలో చేరుతున్నాయన్నమాట.

ఇక లెక్కలు చూడండి. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు వీటికే వస్తుంది. దినానికి వడగట్టబడే ద్రవం దాదాపు 180 లీటర్లు. బయటికి పోయేది లీటరున్నర మాత్రమే. రక్తకణాలను, పెద్దవైన మాంసకృత్తులను ఉండ గోడ ఆపివేస్తుంది. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా దాటిపోతాయి. తరువాత గొట్టం చక్కెరనంతటినీ, నీటిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళనూ వెనుకకు తీసుకుంటుంది. దసరా ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు సామానంతా వాకిట పెట్టి, కావలసినవే లోపలికి తెచ్చుకుంటాం కదా, అచ్చంగా అదే పద్ధతి. అందుకే కొత్తకుండతో పోలిక సగమే సరిపోతుంది. కుండకు ఊరనివ్వడమే తెలుసు, ఏది ఉంచుకోవాలో తెలియదు.

యంత్రానికీ ఆ వివేకం లేదు. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే వైద్యుడు మాంసపు సాసేజీల తొడుగుకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని పీపాకు చుట్టి మొదటి కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. తొలి రోగులలో దాదాపు అందరూ మరణించారు. 1945లో ఒక వృద్ధురాలు బ్రతికి బయటపడింది. మా అన్న ప్రాణం నేడు ఆ గొట్టపు సంతతి మీదనే నిలిచి ఉన్నది.

మన తెలుగునేలపై ఈ వ్యాధి పేరెత్తగానే గుర్తుకు వచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో, కొబ్బరి జీడితోటల నడుమ, వయోజనులలో ఇంచుమించు ఐదుగురికొకరికి మూత్రపిండాల జబ్బున్నట్లు సర్వేలు చూపాయి. మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం వస్తున్నది. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పి బిళ్ళలా? కారణం ఇదని నిర్ధారణ కాలేదు. శ్రీలంకలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరకు కూలీలకు ఇటువంటి జబ్బే ఉన్నది. ఎక్కడ చూచినా ఎండలో ఒళ్ళు వంచేవాడే బలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనకేంద్రం ప్రారంభమయ్యాయి. ప్రాంతమంతటికీ నదీజలాలు అందించే పథకమూ వచ్చింది.

ఈ అవయవానికి ఫిర్యాదు చేసే అలవాటు లేదు. చాలాభాగం చెడిపోయేదాకా నొప్పి తెలియదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో మాంసకృత్తి చూపించుకుంటే ముందుగానే పట్టుకోవచ్చును. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్న మిత్రులు ఏడాదికొకసారైనా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవలసిందిగా ప్రార్థన. వైద్యుడు చెప్పనిదే నొప్పి బిళ్ళలు అలవాటుగా మింగకండి.

ఇదంతా మా అన్నకు విడమరచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు తన వంతు నీళ్ళలో మిగిలిన అరగ్లాసు వైపు చూస్తూ, "గీ ముచ్చట ముందుగాల జెప్పకపోతివి తమ్మీ" అన్నాడు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాడిని నేను. ఆ మాటకు బదులు చెప్పలేకపోయాను. అందుకే మీకైనా ముందుగా చెబుతున్నాను.