లక్ష్యం ముందు, లక్షణం తరువాత: సస్సికాయా వైన్ చరిత్ర

ఉపోద్ఘాతం

లక్ష్యాన్ని బట్టి లక్షణం ఏర్పడుతుందా, లక్షణాన్ని బట్టి లక్ష్యం నిలుస్తుందా అన్నది వ్యాకరణ, అలంకార శాస్త్రాలలో పాత ప్రశ్న. సమర్థుడైన కవి ప్రయోగం సూత్రానికి లొంగనప్పుడు ఆ ప్రయోగాన్ని దోషమనాలో, సూత్రాన్నే సవరించాలో లాక్షణికుడు తేల్చుకోవలసి వస్తుంది. ఈ చిక్కు భాషకు మాత్రమే పరిమితమైనది కాదు. ఒక వస్తువు మేలిమిని చట్టం నిర్వచించే ప్రతిచోటా ఇది తలెత్తుతుంది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఒక కుటుంబం మొదట తన ఇంటి వాడకానికి తయారుచేసుకున్న 'సస్సికాయా' అనే ఎర్ర వైన్ ఇందుకు చక్కని ఉదాహరణ. రెండు ద్రాక్షరకాల మేళనమైన ఈ వైన్ పాతికేళ్ల పాటు చట్టం దృష్టిలో అట్టడుగు తరగతికి చెందినది. ఆ తరువాత అదే చట్టంలో తన పేరుతోనే ఒక తరగతిని సంపాదించుకున్నది. ఈ పరిణామంలో సూత్రానికీ ప్రయోగానికీ మధ్య సాగిన పెనుగులాటను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సూత్రంగా మారిన మేళనం

వేర్వేరు ద్రాక్షరకాలను కలిపి వైన్ చేయడం టస్కనీకి కొత్త కాదు. ఆ ప్రాంతపు ప్రసిద్ధ వైన్ కియాంతి స్వయంగా ఒక మేళనం. ఇటలీ ప్రధానిగా రెండుసార్లు పనిచేసిన బెత్తినో రికాసోలి తన ఎస్టేటులో చాలాకాలం ప్రయోగాలు చేసి, 1872లో రాసిన ఒక లేఖలో ఆ మేళనపు స్వరూపాన్ని వివరించాడు. సాంజోవేజే రకం వైన్‌కు పరిమళాన్నీ బలాన్నీ ఇస్తుందనీ, కనాయోలో దాని కరకుదనాన్ని తగ్గిస్తుందనీ, మల్వాసియా అనే తెల్లద్రాక్ష దానిని తేలిక చేస్తుందనీ ఆయన నిర్ణయం. అయితే ఏళ్ల తరబడి నిలవ ఉంచదలచిన వైన్‌లో మల్వాసియా అవసరం లేదన్న వివేచన కూడా ఆయన చేశాడు.

ఇటలీ ప్రభుత్వం 1963లో చేసిన చట్టం 'డిఓసి' అనే నియంత్రిత నామ విధానాన్ని ప్రవేశపెట్టింది. ఒక ప్రాంతం పేరును వైన్ సీసాపై వాడుకోవాలంటే ఏ ద్రాక్షరకాలు ఏ పాళ్లలో ఉండాలో ఈ విధానం నిర్దేశిస్తుంది. 1967లో కియాంతికి ఏర్పడిన నిబంధనలు 10 నుంచి 30 శాతం వరకు తెల్లద్రాక్షను తప్పనిసరి చేశాయి. రికాసోలి మాటలో ప్రయోజనాన్ని బట్టి మార్చుకునే వెసులుబాటు ఉన్నది. నిబంధనలో అది మిగలలేదు. ఒక అనుభవజ్ఞుని పరిశీలన ఈ విధంగా అందరికీ విధిగా మారింది.

రాళ్ల నేలలో కొత్త ప్రయోగం

టస్కనీ సముద్రతీరంలో లివోర్నో జిల్లాకు చెందిన బోల్గెరి గ్రామానికి అప్పటికి వైన్ వల్ల వచ్చిన పేరు లేదు. 1906లో నోబెల్ బహుమతి పొందిన కవి జొజుయె కార్దుచ్చి బాల్యం గడిపిన ఊరుగానే సాహిత్యలోకం దానిని ఎరుగును. సాన్ గ్విదో నుంచి బోల్గెరికి పోయే బాట వెంట బారులు తీరిన సైప్రస్ చెట్లు ఆయన కవితకు వస్తువులైనాయి. ఆ సాన్ గ్విదో ఎస్టేటు మారియో ఇన్‌చీజా దెల్లా రొక్కెత్తాకు 1930లో జరిగిన వివాహం ద్వారా సంక్రమించింది. పీడ్‌మాంట్ ప్రాంతపు జమీందారీ కుటుంబంలో పుట్టిన ఆయన పీసాలో వ్యవసాయశాస్త్రం చదివాడు. పందెపు గుర్రాల పెంపకంలోనూ ఆసక్తి కలవాడు.

ఫ్రాన్సులోని బోర్డో వైన్లు ఆయనకు ఆదర్శం. బోర్డోలోని గ్రావ్ ప్రాంతానికి ఆ పేరు అక్కడి గులకరాళ్ల నేలను బట్టి వచ్చింది. బోల్గెరి నేలకూ దానికీ పోలిక ఉన్నదని మారియో గమనించాడు. సస్సికాయా అన్న మాటకు కూడా 'రాళ్లు నిండిన చోటు' అనే అర్థం. ఈ పోలికను ఆధారం చేసుకొని ఆయన 1940వ దశకంలో బోర్డో రకాలైన కాబెర్నే సోవిన్యోఁ, కాబెర్నే ఫ్రాఁ తీగలను అక్కడ నాటించాడు. మొదటిది ఆలస్యంగా పండే రకం. దాని దళసరి తొక్క వైన్‌కు ముదురు రంగునూ, వగరునూ, నిలవ ఉండే శక్తినీ ఇస్తుంది. కొంత ముందుగా పండే రెండవది సువాసననూ మృదుత్వాన్నీ చేరుస్తుంది. సుమారు 85, 15 శాతాల పాళ్లలో ఈ రెండింటి కలయిక సస్సికాయా స్వరూపంగా స్థిరపడింది.

1948 నుంచి 1967 వరకు ఈ వైన్ ఎస్టేటు గడప దాటలేదు. లేత వైన్లకు అలవాటుపడిన వారికి మొదట దీని కరకు రుచి నచ్చలేదు. అయితే నేలమాళిగలో ఏళ్ల తరబడి ఉన్న సీసాలను తెరిచినప్పుడు రుచి మెరుగుపడినట్లు తేలింది. కుమారుడు నికొలో, బంధువు పియెరో అంతినోరి ప్రోత్సాహంతో 1968 పంటనాటి వైన్ మొదటిసారిగా అమ్మకానికి వచ్చింది. వైన్ శాస్త్రవేత్త జాకొమో తాకిస్ తయారీని క్రమబద్ధం చేశాడు. 225 లీటర్ల ఫ్రెంచి ఓక్ పీపాలలో నిలవ ఉంచే పద్ధతి దీనికి ప్రత్యేకతగా మారింది.

తరగతి లేని మేలిమి

చట్టంలో ఈ వైన్‌కు చోటు లేదు. బోల్గెరి ఎర్ర వైన్‌కు నియంత్రిత నామమే అప్పటికి ఏర్పడలేదు. అందువల్ల సీసాపై 'వీనో దా తావొలా', అంటే 'భోజనపు వైన్' అని మాత్రమే రాయవలసి వచ్చింది. అతిచవక వైన్లు ఉండే తరగతి కూడా అదే. 1978లో లండన్‌లో డికాంటర్ పత్రిక వివిధ దేశాల కాబెర్నే వైన్లకు పరీక్ష జరిపింది. అందులో బోర్డో వైన్లను మించి సస్సికాయాకు ప్రథమస్థానం లభించింది. రుచి చూసేవారి నిర్ణయానికీ చట్టం నిర్ణయానికీ మధ్య ఉన్న దూరం దీనితో బయటపడింది.

అంతినోరి సంస్థ 1971 పంటతో మొదలుపెట్టిన తిన్యానెల్లో కూడా కియాంతి నిబంధనలను కాదని భోజనపు వైన్‌గానే నిలిచింది. ఇటువంటి వైన్లకు చట్టం పేరు పెట్టలేదు కనుక వ్యవహారమే 'సూపర్ టస్కన్' అన్న మాటను పుట్టించింది. ఏ అధికారపత్రమూ గుర్తించని ఆ మాట తయారీదారుల, కొనుగోలుదారుల, విమర్శకుల నోట స్థిరపడింది.

అయినా నిబంధనలే అనవసరమని తేల్చడం తొందరపాటు. 1986లో ఇటలీలో మిథనాల్ కలిపిన చవక వైన్లు తాగి 20 మందికి పైగా మరణించారు. మేళనం అన్న మాటకు కల్తీ అనే అర్థం కూడా ఉండగలదని ఈ దుర్ఘటన చాటింది. మేళనంలో ఏమి కలిసిందో ప్రజలకు హామీ ఇవ్వడం చట్టం బాధ్యత. లోపం నియంత్రణ ఉండటంలో లేదు. మేలిమిని గుర్తించలేని నియంత్రణలో ఉన్నది.

సూత్ర సవరణ

1983లో ఏర్పడిన బోల్గెరి డిఓసి తెల్ల, గులాబీ వైన్లకే వర్తించింది. 1992 చట్టం 'ఐజిటి' అనే కొత్త తరగతికి వీలు కల్పించి, ప్రాంతం పేరు చెప్పుకుంటూనే రకాల ఎంపికలో స్వేచ్ఛ పొందే మార్గం చూపింది. 1994లో బోల్గెరి డిఓసిలో ఎర్ర వైన్ చేరింది. సస్సికాయాకు అందులో ప్రత్యేక ఉపమండలంగా గుర్తింపు లభించింది. 2013లో అది 'బోల్గెరి సస్సికాయా' పేరుతో స్వతంత్ర డిఓసి అయింది. ఒకే ఎస్టేటుకు పరిమితమైన నియంత్రిత నామం ఇటలీలో అపురూపం. కియాంతి క్లాసికో నిబంధనలు కూడా క్రమంగా మారి, 2006 పంట నుంచి తెల్లద్రాక్షను పూర్తిగా నిషేధించాయి. ఒకప్పుడు తప్పనిసరి అయినది తరువాత నిషిద్ధమైనది.

ముగింపు

సస్సికాయా చరిత్రను సూత్రంపై ప్రయోగం సాధించిన విజయంగా మాత్రమే చదివితే అది సగం సత్యమే అవుతుంది. ఇప్పటి నిబంధన ప్రకారం సస్సికాయాలో కనీసం 80 శాతం కాబెర్నే సోవిన్యోఁ ఉండాలి. మారియో స్వేచ్ఛగా చేసిన మేళనం ఆ విధంగా తరువాతి తరానికి విధి అయింది. రికాసోలి లేఖకు పట్టిన గతి కూడా ఇదే. మరొకవైపు, మోంతాల్చీనోలో బ్రునెల్లో వైన్‌లో సాంజోవేజే తప్ప వేరే రకం కలపరాదన్న నియమం ఉల్లంఘనకు గురైందన్న ఆరోపణపై 2008లో దర్యాప్తు జరిగింది. ఆ తరువాత 2011లో అక్కడి తయారీదారులు తమ రోస్సో వైన్‌లో ఇతర రకాలను అనుమతించే ప్రతిపాదనను ఓటు ద్వారా తిరస్కరించారు. ఒక చోట సూత్రాన్ని దాటడం మేలిమికి దారితీస్తే, మరొక చోట సూత్రాన్ని కాపాడుకోవడమే మేలిమిగా తోచింది.

లక్షణం లక్ష్యాన్ని అనుసరించి పుట్టినా, పుట్టిన మరుక్షణం నుంచి లక్ష్యాన్ని శాసించడం మొదలుపెడుతుంది. కనుక లాక్షణికుని పని ఒకసారి సూత్రం చెప్పడంతో ముగియదు. సూత్రానికి అందని మంచి ప్రయోగం ఎదురైనప్పుడు దానిని గుర్తించి సూత్రాన్ని తిరిగి పరీక్షించుకోవడం కూడా ఆ పనిలో భాగమే. ఇటలీ చట్టం ఆ పరీక్షకు పాతికేళ్లు తీసుకున్నది. అంతవరకు సస్సికాయా భోజనపు వైన్ అన్న పేరుతోనే తన మేలిమిని నిలుపుకున్నది.