పట్టాయా రాత్రి వీధి: ఎదుగుదల, ఒడిదొడుకులు

వ్యాససంగ్రహం:

థాయ్‌లాండ్ తూర్పుతీరంలోని పట్టాయా 1960ల ఆరంభం దాకా ఒక జాలరిపల్లె. వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ సైనికుల సెలవుల విడిదిగా మారి, ఆపైన ప్రపంచమంతటికీ తెలిసిన పర్యాటక పట్టణమైంది. ఆ పట్టణపు రాత్రి వినోద ప్రాంతం, ముఖ్యంగా వాకింగ్ స్ట్రీట్ అనే వీధి, ఆరు దశాబ్దాలలో పొందిన మార్పులను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ఆ వీధి అదృష్టాన్ని నిర్ణయించిన శక్తులు చాలావరకు బయటివి. చట్టం అక్కడి వ్యాపారాన్ని గుర్తించినంతగా అక్కడి శ్రమను గుర్తించలేదు. అందువల్ల ప్రతి పతనంలోనూ నష్టం అడుగున ఉన్నవారి మీదనే పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పట్టాయా, వాకింగ్ స్ట్రీట్, పర్యాటకం, వియత్నాం యుద్ధం, రాత్రి వినోదం, శ్రామికులు.

1. ఉపోద్ఘాతం:

పట్టణాల చరిత్రను కోటలు, ఆలయాలు, రేవులు, శాసనాల ఆధారంగా నిర్మించడం పరిపాటి. పొద్దుగూకిన తరువాత మేల్కొని తెల్లవారేసరికి తలుపులు మూసుకునే వీధులకు శాసనాలు ఉండవు. వాటి చరిత్ర ఒప్పందాలలో, చట్టాలలో, విమానాల రాకపోకలలో, కరెన్సీ మారకపు విలువలలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఆ ముక్కలను కూర్చి చూస్తే, విలాసానికి మారుపేరుగా నిలిచిన ఒక వీధి నిజానికి యుద్ధం, అప్పు, వలస, వ్యాధి అనే గంభీర విషయాల కూడలి అని తెలుస్తుంది. పట్టాయా ఇందుకు చక్కని ఉదాహరణ.

పట్టాయా చోన్‌బురి రాష్ట్రంలోని బాంగ్ లముంగ్ జిల్లాలో, థాయ్ సింధుశాఖ తీరాన ఉంది. బ్యాంకాక్ నుంచి రోడ్డు మార్గాన దాదాపు 150 కిలోమీటర్ల దూరం. 1767లో అయుత్థయ రాజధాని బర్మా సేనల వశమవుతున్న సమయంలో ఫ్రయా తాక్ (తరువాతి కాలపు తాక్సిన్ మహారాజు) తన సైన్యంతో ఈ తీరం మీదుగా చంతబురి వైపు సాగాడని, ఆయన దండు విడిసిన చోటు కాబట్టి ఆ ప్రాంతానికి 'థప్ ఫ్రయా' అనే పేరు వచ్చిందని, అదే క్రమంగా పట్టాయాగా మారిందని స్థానిక ఐతిహ్యం. వానకాలం మొదట్లో వీచే నైరుతి గాలి పేరు కూడా ఈ మార్పుకు తోడ్పడిందంటారు. ఐతిహ్యం ఎలా ఉన్నా, సేనల విడిది అనే అర్థం ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊరికి మరో విధంగా సార్థకమైంది.

2. సైనిక విడిది:

నఖోన్ రచ్చసీమా స్థావరం నుంచి వచ్చిన అమెరికన్ సైనికుల బృందమొకటి పట్టాయా తీరపు దక్షిణభాగంలో ఇళ్లు అద్దెకు తీసుకుని వారాంతం గడపడంతో ఇక్కడి పర్యాటకం మొదలైందని స్థానికంగా చెప్పుకుంటారు. ఈ సంఘటనను 1959 నాటిదిగా పేర్కొనడం రివాజు. అయితే ఒక చిన్న బృందం రాక వల్ల పల్లె పట్టణం కాదు. అసలు మలుపు పట్టాయాకు దక్షిణాన ఉన్న ఊ-తపావ్ వైమానిక స్థావరం నిర్మాణంతో వచ్చింది. 1960ల మధ్యలో నిర్మించిన ఈ స్థావరం నుంచి 1967లో బి-52 బాంబర్లు వియత్నాం మీదికి ఎగరడం మొదలుపెట్టాయి. అదే సంవత్సరం అమెరికన్ సైనికుల విశ్రాంతి, వినోద సెలవుల కోసం థాయ్ ప్రభుత్వానికీ అమెరికన్ సైన్యానికీ ఒప్పందం కుదిరింది. 1960ల చివరికి థాయ్‌లాండ్‌లో ఉన్న అమెరికన్ సైనికుల సంఖ్య సుమారు 50,000కు చేరింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పట్టాయా తీరపు దక్షిణపు కొస, అంటే తొలి సైనికులు బస చేశారని చెప్పే చోటు, తరువాతి కాలంలో వాకింగ్ స్ట్రీట్ వెలసిన ప్రాంతమే. జాలర్ల ఇళ్ల స్థానంలో చేపల హోటళ్లు, వాటి పక్కన బీరు బార్లు, ఆ వెనుక గదుల వసతి వచ్చాయి. కొన్ని కట్టడాలు స్తంభాల మీద సముద్రంలోకి చొచ్చుకుపోయాయి. అవి ప్రభుత్వ జలభాగాన్ని ఆక్రమించాయన్న వివాదం దశాబ్దాలపాటు నలుగుతూనే ఉంది. అక్రమమని అంటూనే కొనసాగనివ్వడమనే పద్ధతి ఈ వీధిలో గోడలకే పరిమితం కాలేదు. మనుషుల విషయంలోనూ అదే జరిగింది.

3. రెండు చట్టాల నడుమ:

థాయ్‌లాండ్ 1960లో వేశ్యావృత్తి నిర్మూలన చట్టం చేసింది. దాని ప్రకారం ఆ వృత్తి నేరం. ఆరేళ్లకు, 1966లో, వినోద స్థలాల చట్టం వచ్చింది. నృత్యశాలలు, మద్యశాలలు, మసాజ్ కేంద్రాలు మొదలైనవాటికి పోలీసుల నుంచి అనుమతిపత్రం పొంది, అతిథులకు సేవచేసే సిబ్బందిని నియమించుకునే వీలు దీనివల్ల కలిగింది. మొదటి చట్టం మూసిన తలుపు పక్కనే రెండో చట్టం ఒక సందు తెరిచింది.

ఆ సందులో పుట్టినదే 'బార్ ఫైన్' పద్ధతి. బారులో పనిచేసే స్త్రీని అతిథి తన వెంట బయటికి తీసుకువెళ్లదలచుకుంటే, ఆ రాత్రి ఆమె పని మానినందుకు పరిహారమనే పేరుతో బారుకు కొంత సొమ్ము చెల్లిస్తాడు. ఆ తరువాత వారిద్దరి మధ్య జరిగే ఒడంబడికతో బారుకు సంబంధం లేదు. ఈ ఏర్పాటులో యజమానికి ఆదాయం ఉంటుంది, చట్టబాధ్యత ఉండదు. స్త్రీకి ఆదాయంతో పాటు ప్రమాదమూ శిక్షాభయమూ ఉంటాయి. అతిథులకు కొనిపించిన పానీయాల లెక్కను బట్టి వాటా ఇవ్వడం, ఆలస్యమైతే జీతంలో కోత విధించడం వంటివి కూడా ఈ బార్లలో వాడుకగా స్థిరపడ్డాయి. 1996లో పాత చట్టం స్థానంలో కొత్త నిరోధక చట్టం వచ్చింది. బాలికల రవాణాకు, వారిపై లైంగిక దోపిడికి అది కఠినశిక్షలు విధించింది. వయోజన స్త్రీల వృత్తిని మాత్రం చట్టవిరుద్ధంగానే ఉంచింది.

4. సైన్యం వెళ్లిపోయిన తరువాత:

1975లో వియత్నాం యుద్ధం ముగిసింది. మరుసటి సంవత్సరానికి అమెరికన్ దళాలు థాయ్‌లాండ్ విడిచి వెళ్లాయి. సైనికుల జీతాల మీద ఆధారపడిన పట్టాయా వీధులు ఖాళీ కావలసిందే. అలా జరగకపోవడానికి కారణం ప్రభుత్వ విధానం. అప్పటికే హోటళ్లు, రోడ్లు, సిబ్బంది సిద్ధంగా ఉన్నారు. లోపించింది అతిథులు మాత్రమే. ఐరోపా, జపాన్, గల్ఫ్ దేశాల నుంచి వచ్చే విహారయాత్రికులు సైనికుల స్థానాన్ని భర్తీ చేశారు. 1978లో పట్టాయాకు ప్రత్యేక చట్టం ద్వారా స్వపరిపాలన గల నగరహోదా లభించింది. 1979లో థాయ్ పర్యాటక ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1980ల తొలినాళ్లలో విదేశీ మారకద్రవ్యం ఆర్జించడంలో పర్యాటకం బియ్యం ఎగుమతులను మించిపోయింది. వరిపంటకు పేరుపొందిన దేశానికి ఇది చిన్న మార్పు కాదు.

బియ్యం, పర్యాటకం అనే ఈ రెండింటికీ ఉన్న సంబంధం అంకెలకు అతీతమైనది. బార్లలో పనిచేసేవారిలో అధికులు ఈశాన్య ప్రాంతమైన ఈసాన్ నుంచి వచ్చారు. వర్షాధార సేద్యం, తక్కువ దిగుబడి, అప్పులు ఆ ప్రాంతపు లక్షణాలు. ఆర్థికవేత్త పసుక్ ఫోంగ్‌పైచిత్ బ్యాంకాక్ మసాజ్ కేంద్రాలలో పనిచేసే యువతుల మీద చేసిన అధ్యయనం 1982లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ద్వారా వెలువడింది. ఆ యువతులు కుటుంబాన్ని విడిచి పారిపోయినవారు కారనీ, కుటుంబాన్ని నిలబెట్టడానికి వచ్చినవారనీ ఆమె నిరూపించారు. వారు పంపే సొమ్ముతో ఊళ్లో ఇళ్లు లేచాయి, తమ్ముళ్ల చదువులు సాగాయి. తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవడం కూతురి ధర్మమన్న థాయ్ గ్రామీణ విలువ ఈ వలసకు నైతికబలం ఇచ్చింది. సమాజం తప్పుపట్టే వృత్తి, సమాజం మెచ్చుకునే ధర్మాన్ని నెరవేర్చే సాధనమైంది. ఈ వైరుధ్యాన్ని విస్మరించి పట్టాయాను అర్థంచేసుకోవడం సాధ్యం కాదు.

ఇదే దశలో మరొక ధార కూడా పుష్టి పొందింది. ట్రాన్స్‌జెండర్ కళాకారిణుల నృత్యప్రదర్శనలకు పేరొందిన టిఫనీస్ షో 1974లో పట్టాయాలో ఆరంభమైంది. ఉద్యోగాలు దొరకని ఒక వర్గానికి ఈ రంగస్థలం ఉపాధినీ గౌరవాన్నీ ఇచ్చింది. అయితే ఆ గౌరవం వేదికకే పరిమితమై, చట్టంలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

5. వ్యాధి, సంక్షోభం:

1980ల చివర హెచ్‌ఐవి వ్యాప్తి థాయ్‌లాండ్‌ను కుదిపివేసింది. పర్యాటకులు వెనకాడతారేమోనన్న భయంతో తొలుత ప్రభుత్వం ఈ విషయాన్ని బహిరంగపరచడానికి జంకింది. 1989లో రచ్చబురి రాష్ట్రంలో నూరుశాతం కండోమ్ కార్యక్రమం మొదలై, 1991లో దేశమంతటికీ విస్తరించింది. బార్లు, వేశ్యాగృహాల యజమానులను బాధ్యులుగా చేయడం ఈ కార్యక్రమపు ప్రత్యేకత. వాణిజ్య లైంగిక సంబంధాలలో కండోమ్ వాడకం 1989లో 14 శాతం ఉండగా, 1992 చివరికి 90 శాతం దాటిందని నివేదికలు తెలుపుతున్నాయి. చట్టం లేదని చెప్పే వృత్తిని ఆరోగ్యశాఖ మాత్రం ఉన్నదని ఒప్పుకుని లెక్కించవలసి వచ్చింది. ప్రాణాలు నిలిపింది ఆ ఒప్పుకోలే.

సముద్రం కూడా ఇదే కాలంలో దెబ్బతిన్నది. శుద్ధిచేయని మురుగునీరు పట్టాయా అఖాతంలో కలవడంతో, 1992 నాటి పర్యావరణ చట్టం కింద ఈ నగరాన్ని కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించారు. 1997 జూలై 2న థాయ్ కరెన్సీ బాత్‌ను తేలియాడే మారకానికి వదిలారు. డాలరుకు 25 బాత్‌లుగా ఉన్న విలువ కొద్ది నెలల్లో 50కి పైగా పడిపోయింది. కర్మాగారాలు మూతపడి లక్షలమంది ఉపాధి కోల్పోయారు. అదే పతనం విదేశీ యాత్రికునికి థాయ్‌లాండ్‌ను సగం ధరకు అందించింది. దేశం కుంగిన సమయంలో పట్టాయా రాత్రి వీధికి గిరాకీ పెరిగింది.

6. మారిన అతిథులు:

సాయంత్రం నుంచి వాహనాలను నిలిపివేసి బీచ్ రోడ్డు దక్షిణపు కొస నుంచి బాలీ హాయ్ రేవు దాకా పాదచారులకు వదలడంతో ఆ వీధికి వాకింగ్ స్ట్రీట్ అనే పేరు స్థిరపడింది. 2001 తరువాత తాక్సిన్ షినవత్రా ప్రభుత్వంలో హోంశాఖ మంత్రి పురచాయ్ పియంసోంబూన్ చేపట్టిన సామాజిక క్రమశిక్షణ ఉద్యమం మూసివేత వేళలను కఠినం చేసింది. అయినా జనప్రవాహం తగ్గలేదు. మారింది ఆ ప్రవాహపు స్వభావం.

2000ల తరువాత రష్యన్ యాత్రికులు వెల్లువెత్తారు. దుకాణాల బోర్డుల మీదికి రష్యన్ లిపి వచ్చింది. 2014లో రూబుల్ పతనంతో ఆ వెల్లువ తగ్గింది. ఆ ఖాళీని చైనా యాత్రాబృందాలు నింపాయి. అయితే జెండా పట్టిన మార్గదర్శకుని వెనుక నడిచే కుటుంబాలకు ఆ వీధి ఒక చూడదగిన వింత మాత్రమే. వారు ఫోటోలు తీసుకుని సాగిపోయేవారు, బారులో కూర్చునేవారు కారు. జనం కిక్కిరిసిన వీధిలో బార్ల ఆదాయం తగ్గడమనే విచిత్రస్థితి అప్పుడు కనిపించింది.

భారతీయుల రాక కూడా ఈ దశలోనే పెరిగింది. 2019లో థాయ్‌లాండ్‌కు వచ్చిన దాదాపు 3.98 కోట్ల విదేశీయులలో భారతీయులు 20 లక్షలకు చేరువయ్యారు. వాకింగ్ స్ట్రీట్‌లో హిందీ పాటల డిస్కోలు, పరిసర వీధుల్లో భారతీయ భోజనశాలలు వెలిశాయి. తెలుగు రాష్ట్రాలకూ ఇందులో భాగముంది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలు ఉండగా, 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి కూడా మొదలయ్యాయి. 2023 మే నెలలో పట్టాయా హోటల్ ఒకదానిలో జరిగిన జూదంపై పోలీసులు దాడిచేసి 93 మందిని పట్టుకోగా, వారిలో 80 మందికి పైగా భారతీయులే. ఆ వార్త తెలుగు పత్రికలలో ప్రముఖంగా రావడానికి కారణం అందులో తెలంగాణవారు ఉండడం. తెలుగునేల మీద పట్టాయా అనే మాటకున్న కొంటె అర్థం వెనుక ఈ రాకపోకల చరిత్ర ఉంది.

7. చీకటిపడిన వీధి:

2020 మార్చిలో కరోనా కారణంగా బార్లు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2019లో కోట్లలో ఉన్న విదేశీ యాత్రికుల సంఖ్య 2021లో 4.3 లక్షలకు పడిపోయింది. మధ్యలో కొన్నాళ్లు తెరిచినా, రాత్రి వినోద స్థలాలకు పూర్తి అనుమతి 2022 జూన్‌లో గాని రాలేదు. దీపాలు ఆరిన వాకింగ్ స్ట్రీట్‌లో అనేక దుకాణాలకు అద్దెబోర్డులు వేలాడాయి.

యుద్ధం ముగిసినప్పుడు కొత్త అతిథులు వచ్చారు, బాత్ పడినప్పుడు చౌకదనం కాపాడింది. ఈసారి ఆ రెండూ లేవు. చాలామంది ఈసాన్‌కు తిరుగుముఖం పట్టారు. ఇంటికి డబ్బు పంపేవారు ఇంటి మీదే ఆధారపడవలసి వచ్చింది. ప్రభుత్వం అసంఘటిత శ్రామికులకు నెలకు 5,000 బాత్‌ల చొప్పున మూడు నెలలు సహాయం ప్రకటించింది. కాని దరఖాస్తులో వృత్తి పేర్కొనాలి. నేరంగా పరిగణించే పనిని ఉద్యోగంగా నమోదు చేసుకోవడం సాధ్యం కాదు. పొరుగుదేశాల నుంచి వలస వచ్చినవారికి ఆ అర్హత కూడా లేదు. బార్ల యజమానులకు కనీసం అనుమతిపత్రాలు ఉన్నాయి, నష్టాన్ని చూపే లెక్కలు ఉన్నాయి. వారికింద పనిచేసినవారికి చూపడానికి ఏదీ లేదు. 1985లో ఏర్పడిన ఎంపవర్, 2004లో ఏర్పడిన స్వింగ్ వంటి సంస్థలు ఆహారం, వైద్యసహాయం అందిస్తూ, ఈ వృత్తిని నేరపరిధి నుంచి తొలగించాలన్న పాత కోరికను మళ్లీ ముందుకు తెచ్చాయి.

8. మళ్లీ వెలుగు:

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు లభించింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి చోన్‌బురితో సహా కొన్ని ప్రాంతాలలో వినోద స్థలాలు తెల్లవారుజామున 4 గంటల దాకా తెరచి ఉంచడానికి అనుమతి వచ్చింది. వాకింగ్ స్ట్రీట్ మళ్లీ వెలిగింది. అయితే పాత వీధిలో పెద్ద క్లబ్బులు ప్రధానం కాగా, చిన్న బార్ల సందడి సోయ్ బువాఖావ్ వంటి లోపలి వీధులకు మళ్లింది. 2018లో వచ్చిన తూర్పు ఆర్థిక కారిడార్ చట్టం పట్టాయాకు సమావేశాలు, వైద్యపర్యాటకం, కుటుంబ విహారం ప్రధానమైన కొత్త ముఖాన్ని ప్రతిపాదిస్తున్నది. ఆ ప్రణాళికకు కేంద్రం ఊ-తపావ్ విమానాశ్రయం. రాత్రి వీధికి పుట్టుక నిచ్చిన సైనిక స్థావరమే, ఆ వీధిని పక్కకు తప్పించదలచిన అభివృద్ధికి ద్వారం కావడం చరిత్రలోని విశేషం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, పట్టాయా రాత్రి వీధి ఎదుగుదల స్థానికుల విలాసప్రియత్వం వల్ల కలిగింది కాదు. సైనిక ఒప్పందం, విదేశీ మారకద్రవ్యపు అవసరం, ఈసాన్ పేదరికం కలిసి దానిని నిర్మించాయి. రెండు, అతిథుల దేశం మారిన ప్రతిసారీ వీధి రూపం మారింది, కాని పని నిబంధనలు పెద్దగా మారలేదు. మూడు, ఆ వృత్తి ఉనికిని ఒప్పుకున్న సందర్భంలో, అంటే హెచ్‌ఐవి నివారణలో, రాజ్యం సాధించిన విజయం ప్రపంచానికి ఆదర్శమైంది. ఒప్పుకోని సందర్భంలో, అంటే కరోనా కాలంలో, అత్యంత నిరాధారులు సహాయానికి దూరమయ్యారు.

కాబట్టి పట్టాయా భవిష్యత్తును గురించిన చర్చ ఆ వీధి ఉండాలా పోవాలా అనే ప్రశ్నతో ఆగిపోరాదు. వీధి ఉన్నా, దాని స్థానంలో సమావేశ మందిరాలు లేచినా, ఆరు దశాబ్దాలు ఆ దీపాలను వెలిగించిన శ్రామికులకు చట్టంలో చోటు ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం దొరకనంత కాలం, మరో సంక్షోభం వచ్చినప్పుడు నష్టపోయేది మళ్లీ వారే.