అరటాకూ, సున్నపుతేటా

కొబ్బరినీ అరటినీ గురించి కోనసీమవాళ్లు మొదలుపెడితే ఒక పట్టాన ఆపరు. పెళ్లిపందిరికి గెలతో సహా అరటిచెట్టు, దేవుడికి కొబ్బరికాయ, భోజనానికి ఆకు, తలకి నూనె. ఇవన్నీ అందరికీ తెలిసినవే. అయితే ఈ రెండు చెట్లకీ మా ఊళ్లలో మరో కొలువు కూడా ఉండేది. ఒళ్లు కాలినవాళ్లకి పక్క అరటాకు, మందు కొబ్బరినూనె. ఆ కొలువు ఎలా వచ్చింది, ఎంతవరకు పనికొచ్చింది, ఇప్పుడు దాని చోటు ఎక్కడ అన్నదే నేనిక్కడ చెప్పదలచుకున్నది. సరదా విషయం కాదు గాని, ఇంట్లో పొయ్యి వెలిగే ప్రతివారికీ కావలసిన విషయం.

పాతరోజుల్లో కోనసీమలో ఒళ్లు కాలడానికి దారులు చాలానే ఉండేవి. తాటాకు ఇళ్లు, కట్టెల పొయ్యి, కిరసనాయిలు బుడ్డి, వేళ్లాడే కొంగు. ఎండాకాలంలో గాడ్పు వీస్తుంటే ఒక్క నిప్పురవ్వ చాలు, వరస ఇళ్లన్నీ అంటుకునేవి. పోనీ పెద్దాసుపత్రికి పరుగెడదామా అంటే, కోనసీమ అన్నది ఒక వైపు గౌతమి, ఇంకో వైపు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం చుట్టుకున్న గడ్డ. కాకినాడ వెళ్లాలంటే ముక్తేశ్వరం రేవుకి చేరి, పంటు వచ్చేదాకా కాచుకుని, కోటిపల్లిలో దిగి, మళ్లీ బండి చూసుకోవాలి. ఎదుర్లంక నుంచి యానాంకి వంతెన 2002లో గాని రాలేదు. 108 బండ్లు 2005లో గాని మొదలు కాలేదు. అంచేత కాలిన మనిషికి పెరట్లో ఏది దొరికితే అదే వైద్యం అయింది.

ఆ వైద్యం మా అమ్మమ్మ చేతిలో నేను చూశాను. గుల్లసున్నం నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచేది. తెల్లారేసరికి సున్నం అడుక్కి దిగి, పైన అద్దంలాంటి తేట నిలిచేది. ఆ తేటని వంచి, అంతే కొబ్బరినూనె పోసి గిలక్కొడితే తెల్లగా వెన్నలాగా పేరుకునేది. గంజి ఒలికి చెయ్యి కాలినా, నూనె చిట్లి మొహం మీద పడినా ఊరంతా ఆ గిన్నె కోసం వచ్చేవారు. వచ్చినవాళ్లని ఆవిడ అడిగే మొదటి మాట, “నీళ్లు గాని పొయ్యలేదు కదే? పోస్తే బొబ్బలెక్కుతుందే!” అని. కాస్త ఎక్కువ కాలినవాళ్లని లేత అరటాకుల మీద పడుకోబెట్టేవారు. బట్ట అయితే పుండుకి అంటుకుని, తీసేటప్పుడు ప్రాణం పోయినంత పని అవుతుంది. ఆకు అంటుకోదు, చల్లగా ఉంటుంది.

ఇదంతా మన తాతముత్తాతల సొత్తే అని నేను చాలాకాలం అనుకున్నాను. చదవగా తెలిసిన సంగతి వేరు. స్కాట్లండులో ఫాల్కర్క్ దగ్గర 1759లో కారన్ అనే ఇనుప కర్మాగారం పెట్టారు. కరిగిన ఇనుము చిట్లి కూలీల ఒళ్లు కాలేది. అక్కడివాళ్లు సున్నపుతేటలో అవిసెనూనె సమంగా కలిపి పూసేవారు. దాని పేరే కారన్ నూనె అయిపోయింది. సున్నపుతేటా నూనే కలిపిన ఆ పూత బ్రిటిష్ ఫార్మకోపియాలోకి కూడా ఎక్కింది. పందొమ్మిదో శతాబ్దమంతా తెల్లదొరల డాక్టర్లు కాలిన పుండుకి దాన్నే వాడారు. మనకి అక్కణ్నుంచి వచ్చిందా, రెండు చోట్లా విడివిడిగా పుట్టిందా అన్న పంచాయితీ నాకెందుకు గాని, అమ్మమ్మ గిన్నెలో ఉన్నదీ, కారన్ కూలీల సీసాలో ఉన్నదీ ఒకటే మందు. తేడా అల్లా అవిసెకి బదులు కొబ్బరి. ఆ తరవాత పుండులో క్రిములు చేరడం గురించి తెలిసొచ్చాక, శుభ్రం చెయ్యని నూనె పుండు మీద పట్టి ఉంచితే చెరుపేనని గ్రహించి, ఇంగ్లీషు వైద్యమే దాన్ని వదిలేసింది. నాటువైద్యానికీ ఇంగ్లీషు వైద్యానికీ నడుమ గీత మనం అనుకున్నచోట లేదన్నమాట.

మరి నీళ్లు పొయ్యకూడదన్న మాటో? దానికి మాత్రం మన దగ్గర పాత ఆధారం ఉంది. సుశ్రుత సంహితలో సూత్రస్థానం పన్నెండో అధ్యాయం కాలడాన్ని నాలుగు తరగతులు చేసింది: ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం. చర్మం కమిలితే మొదటిది, బొబ్బలెక్కితే రెండోది, అలా కండా నరాలూ ఎముకా దాకా కాలితే చివరిది. ఇవాళ ఆసుపత్రిలో కాలిన లోతునిబట్టి తరగతులు చెబుతారే, ఆ ఊహ ఇక్కడే ఉంది. అయితే మొదటి తరగతికి చల్లటినీళ్లు కూడదని కూడా అందులోనే ఉంది. చన్నీళ్లు నెత్తుటిని పేరుకునేట్టు చేస్తాయని అప్పటివారి తర్కం. తర్కం బాగానే ఉంది గాని, నిజం అది కాదని తేలింది. అదే అధ్యాయంలో మరో మాట ఉంది. అతిదగ్ధమైతే వేళ్లాడుతున్న చచ్చిన కండని తీసేసి, పుండుని తిప్పతీగ ఆకులతో గాని, నీళ్లలో పెరిగే మొక్కల ఆకులతో గాని కప్పమని. ఆకు కప్పడం అంత పాతది. ఒకే అధ్యాయంలో ఒక మాట ఓడిపోయింది, ఒక మాట నిలిచింది.

నిలిచిందని ఎందుకంటున్నానంటే, ఆకు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కింది గనక. కాలిన పుండుకి అంటుకోని కట్టు ఖరీదైన సరుకు. బొంబాయిలో డాక్టర్ మనోహర్ కేశ్వానీ, ఆయన తోటివాళ్లు ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో కట్టు తయారుచేసి 1985లో వైద్యపత్రికలో రాశారు. తరవాత అదే నగరంలో సయన్ ఆసుపత్రి డాక్టర్ మధురీ గోరే అరటాకుని పట్టుకున్నారు. ఆకుని శుభ్రం చేసి, కట్టుగా తయారుచేసి, ఆటోక్లేవు ఆవిరిలో క్రిములు చచ్చేట్టు ఉడికించి పుండు మీద పరిచారు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాజిలైన్ గుడ్డతో పోలిస్తే అరటాకు కట్టు విప్పేటప్పుడు నొప్పి బాగా తక్కువ, ఖర్చు మరీ తక్కువ. కోనసీమలో ముసలమ్మలు చెప్పిందే డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ అదనంగా చేసింది ఒక్కటే, ఆకుని ఆవిరికి ఉడికించడం. తేడా అంతా అందులోనే ఉంది. పెరట్లో కోసిన ఆకు కంటికి శుభ్రంగా కనిపిస్తుంది గాని, దాని మీద మట్టీ క్రిములూ ఉండనే ఉంటాయి.

తేనె కథా ఇలాంటిదే. మన పద్మశాలీలు మగ్గాలు పట్టుకుని వలసపోయి స్థిరపడ్డ షోలాపూరు ఉంది చూశారూ, అక్కడి డాక్టర్ ఎమ్. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన రోగులని రెండు సగాలు చేసి, సగం మందికి తేనె, సగం మందికి మామూలుగా వాడే వెండి లేపనం పెట్టి చూశారు. 1991లో అచ్చయిన ఆ లెక్కలో తేనెదే పైచెయ్యి. 2015లో కోక్రేన్ సంస్థవారు ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసి, పైపైన కాలిన పుళ్లు మామూలు కట్లకన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందుగా మానతాయని తేల్చారు. ఆసుపత్రికోసం క్రిములు తీసేసి తయారుచేసే తేనె వేరే ఉంది. తేనెపట్టు పిండి తెచ్చినదీ, కొట్లో సీసాదీ దానికి సాటి రావు.

ఇంతవరకు చదివి, “అయితే ఇంక ఆకూ తేనే చాలుగా?” అని ఎవరైనా అనుకుంటారేమోనని నా భయం. ఒళ్లు బాగా కాలినవాణ్ని మొదటి రెండు రోజుల్లో చంపేది పుండు కాదు, ఒంట్లో నీరు పోవడం. కాలినచోట నెత్తుటి నాళాలు జల్లెడలైపోయి ఉప్పునీరు లోపల్లోపలే కారిపోతుంది. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా నేర్పిన వాటిల్లో ఒకటి 1942 నవంబరు 28న అమెరికాలో బోస్టన్ నగరంలో జరిగిన అగ్నిప్రమాదం. ఒక నాట్యశాల తగలబడి 492 మంది పోయారు. దాని పేరు కోకోనట్ గ్రోవ్, అంటే కొబ్బరితోట! లోపల అలంకారానికి బొమ్మ తాళవృక్షాలు పెట్టారు పాపం. అంతకుముందు పదిహేనేళ్లుగా కాలిన ఒంటికి టానిక్ ఆమ్లం పూసి పుండుని తోలులా బిగించేవారు. అక్కడి డాక్టర్లు అదంతా మానేసి, పుండుకి మెత్తటి వాజిలైన్ గుడ్డ కప్పి, నరంలోకి ద్రవాలు ఎక్కించడం మీద దృష్టిపెట్టారు. ఆ దారే నిలబడింది. టానిక్ ఆమ్లం కాలేయాన్ని చెడగొడుతుందని కూడా ఆ రోజుల్లోనే తేలింది.

ఎంత ద్రవం అంటారా? తరవాత వచ్చిన పార్క్‌లండ్ లెక్క ప్రకారం, 60 కిలోల మనిషికి ఒంట్లో 30 శాతం కాలితే మొదటి 24 గంటల్లో 7 లీటర్ల పైచిలుకు, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. ఇప్పుడు డాక్టర్లు ఇంకొంచెం తగ్గించి మొదలుపెట్టి, మూత్రం చూసుకుంటూ సర్దుతున్నారు. మన బొండాం నీళ్లు అమృతమే. కాని వాటిలో ఉప్పు తక్కువ, పొటాషియం ఎక్కువ. పోయేదేమో ఉప్పునీరు. అంచేత సెలైనుకి బదులు బొండాం అనుకుంటే మనిషి దక్కడు.

ఇది ఎక్కడో బోస్టన్ గొడవ అనుకునే వీలు కోనసీమకి లేదు. నేల కింద గ్యాసు పడ్డాక మాకు నిప్పు కొత్త రూపంలో వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని మార్చి 15 దాకా 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలింది. ఇరవైమందికి పైగా పోయారు. పిల్లలూ ఉన్నారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడి నిలబడ్డాయి. గాయపడ్డవాళ్లని అమలాపురం, కాకినాడ తీసుకువెళ్లారు. ఏ చెట్టు మీద ఆకు కోసి ఏ ముసలమ్మ ఏం చేస్తే తీరేది ఆ కష్టం? అలాంటి పొద్దున్న కావలసింది నీరు, శుభ్రమైన గుడ్డ, బండి, సెలైను, చర్మం అతికే చెయ్యి.

ఏతావాతా చరిత్ర తేల్చిందేమిటంటే, మన పెరటి వైద్యంలో దేని చోటు దానికి ఉంది. మొదటిది నీరు. కాలగానే బట్టలూ గాజులూ ఉంగరాలూ తీసేసి, అంటుకుపోయిన బట్ట మాత్రం లాగకుండా, మామూలు చన్నీళ్లు 20 నిమిషాలు ధారగా పొయ్యాలి. మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. మంచు కూడదు. పసిపిల్లలైనా, ఒళ్లు ఎక్కువ కాలినా చలి పట్టకుండా తక్కిన ఒళ్లు కప్పాలి. తరవాత ఉతికిన తెల్లటి పంచె మీద కప్పి ఆసుపత్రికి. సిరా, దోసెలపిండి, టూత్‌పేస్టు, పేడ ఏదీ పుయ్యకూడదు. పేడలో ధనుర్వాతం కూడా పొంచి ఉంటుంది. ఆకైనా తేనైనా ఆ తరవాత, అదీ డాక్టరు చేతిమీదుగా.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఇంటివాళ్ల వంతు మొదలవుతుంది. ఇక్కడే మనవాళ్లు ప్రేమకొద్దీ చెరుపు చేస్తారు. “పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి” అని పథ్యం పెట్టి చారన్నం మీద ఉంచుతారు. కాలిన ఒళ్లు కొత్త చర్మం అల్లుకోవడానికి తన కండనే కరిగించుకుంటుంది. కందిపప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు దండిగా పెట్టకపోతే పుండు మానదు, అతికిన చర్మం నిలవదు. గోదావరి జిల్లాల్లో చేపకి కరువా, పప్పుకి కరువా? ఆ మనిషికి మాత్రం కరువు చేస్తాం.

రెండోది కదలిక. మోచెయ్యి ముడుచుకుని, మెడ వంచుకుని పడుకుంటే నొప్పి తక్కువ. కాని అలాగే మానితే అలాగే ఉండిపోతుంది. రోజూ ఏడుస్తున్నా సరే చాపించాలి. ఆ పని చేసే తల్లి మనసు రాయి కాదు, ఆవిడే నిజమైన నర్సు.

మూడోది కొబ్బరినూనె. పుండు పూర్తిగా మూతపడ్డాక కొత్త చర్మం చెమట పట్టదు, నూనె ఊరదు, పొడారిపోయి దురదపెడుతుంది. అప్పుడు రోజుకి రెండు మూడుసార్లు కొబ్బరినూనె పట్టించి మెల్లగా మర్దనా చేస్తే హాయి. మన నూనెకి పని లేకుండా పోలేదు. అమ్మమ్మలు మొదట పూసేవారు, అది చివర పూయవలసింది. అంతే తేడా.