గడప దగ్గర ఆగిపోయిన చట్టం

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పొట్ట చేతబట్టుకొని పట్నాలకు పోయిన పేదలకు ఇల్లంటే ఒక్క గదే. బొంబాయిలో దాన్ని చాల్ అన్నారు. కలకత్తాలో బస్తీలు, మదరాసులో చేరీలు. వంటా, పడకా, పురుడూ, జబ్బూ అన్నీ అక్కడే. ఆ ఇళ్ళ పిల్లలు పగలంతా ఏం చేసేవారు? ఇది పరాయి కథ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులోనిదే. రేణిగుంటలో రైలెక్కితే మదరాసే గదా!

మిల్లులకైతే చట్టం వచ్చింది. 7 ఏళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోరాదని 1881లో అన్నారు. ఆ వయసు 1891లో 9కి, 1922లో 12కి పెరిగింది. అయితే 1922 చట్టం ముఖ్యంగా యంత్రాలు నడిచే, 20 మందికి తక్కువ లేని ఫ్యాక్టరీలకే. చేట, కత్తెర, తునికాకు, పొగాకు, దారం ఉంటే చాలు, బీడీల పని నడుస్తుంది. యంత్రంతో పనే లేదు. అందుకే అది చట్టానికి అందలేదు.

1929లో నియమించిన విట్లీ కమిషన్ 1931లో తన నివేదిక ఇచ్చింది. కిటికీలైనా లేని ఇరుకు కొట్లు, తేమ మట్టినేల, మనిషి దూరే సందులేనట్టు కూర్చున్న పనివాళ్ళు. వారిలో అయిదేళ్ళ పసివాళ్ళూ ఉన్నారని కమిషన్ రాసింది. రోజుకు 10, 12 గంటల పని. మరీ చిన్నవాళ్ళకు కూలి 2 అణాలు, అంటే రూపాయిలో ఎనిమిదో వంతు.

అంతకన్నా ఘోరం, పిల్లల కష్టాన్నే తాకట్టు పెట్టడం. తండ్రి అడ్వాన్సు తీసుకుంటే బిడ్డ పనిచేసి తీర్చాలి. అమృతసర్, అహమ్మదాబాదు, మదరాసులలో ఇది కమిషన్ కంటబడింది. దాని ఫలితమే 1933 చట్టం. 15 ఏళ్ళలోపు పిల్లల కష్టాన్ని తాకట్టుపెట్టే ఒప్పందం చెల్లదన్నారు. తల్లిదండ్రులకు 50 రూపాయలదాకా, యజమానికి 200 దాకా జరిమానా.

1938లో బీడీ కార్ఖానాల్లో 12 ఏళ్ళలోపు పిల్లల పనిని నిషేధించారు. కాని కూలివాళ్ళు లేకుండా ఇంటిల్లిపాదీ చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కొట్టులో చేసే పని ఇంటికి వస్తే చట్టం గడప బయటే నిలబడిపోతుంది. ఆకూ పొగాకూ ఇంటికి తెచ్చుకుంటే అమ్మ చుడుతుంది, బిడ్డ దారం కడుతుంది. వెయ్యి బీడీల లెక్క తేలాలంటే చిన్న వేళ్ళూ కదలాల్సిందే. 1966 బీడీ కార్మికుల చట్టంలోనూ, 1986 బాలకార్మిక చట్టంలోనూ ఇంటికి ఏదో ఒక రూపంలో మినహాయింపు మిగిలే ఉంది. 2016 సవరణ 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోరాదన్నది. అయినా ప్రమాదం లేని ఇంటి వ్యాపారంలో బడి వేళల తర్వాత సాయపడవచ్చని విడిచిపెట్టింది.

తల్లిదండ్రులను నిందించడం మా ఉద్దేశం కాదు. రేటు తక్కువైనప్పుడే పిల్లల చేతులు అవసరమవుతాయి. పెద్దవాళ్ళకు న్యాయమైన కూలి దొరికితే ఏ తల్లీ బిడ్డను చేట ముందు కూర్చోబెట్టదు. గడప దాటి లోపలికి ఇన్‌స్పెక్టరు రాలేకపోవచ్చు, మనం రాగలం. మన జకాత్, మన చందాలు ముందుగా ఆ ఇంటి పిల్లల ఫీజుకూ, పుస్తకాలకూ చేరాలి. అలిపిరి చుట్టుపక్కల ప్రతి గల్లీలో బడి మానిన పిల్లలు ఎవరో, ఎందుకు మానారో కనుక్కోవలసిన బాధ్యత మనందరిదీ అని సవినయంగా మనవి చేస్తున్నాము.