బాద్‌షా పోయాడు, డాక్ ఆగలేదు

1913లో రష్యా జార్‌ల ఖాందాన్, అంటే రొమానోవ్‌లు, తఖ్తు ఎక్కి 300 ఏళ్లు నిండాయి. ఆ జష్న్ కోసం డాక్ శాఖ కొత్త స్టాంపులు తెచ్చింది. రష్యా స్టాంపుల మీద బాద్‌షాల తస్వీర్లు రావడం అదే మొదటిసారి. 7, 10 కోపెక్కుల స్టాంపుల మీద అప్పటి జార్ రెండో నికోలస్ ముఖం ఉంది. 100 కోపెక్కులైతే ఒక రూబుల్. మరుసటి ఏడే ప్రపంచ జంగ్ మొదలైంది. జనం వెండి చిల్లర ఇళ్లలో దాచేసుకున్నారు, బజారులో చిల్లర గాయబ్. 1915లో హుకూమత్ అవే స్టాంపుల బొమ్మలను మందపాటి కాగితం మీద అచ్చేయించి, ఇవి వెండి చిల్లరతో సమానంగా చెల్లుతాయని వెనక రాయించి, సిక్కాల బదులు జనం చేతుల్లో పెట్టింది. బాద్‌షా తస్వీర్ ఉన్న కాగితం ముక్కతో రొట్టె కొనే రోజులొచ్చాయంటే ఆ సల్తనత్ హాలత్ ఎలా ఉందో వేరే చెప్పాలా? 1917లో అది కూలిపోయింది. ఫిబ్రవరి ఇన్కిలాబ్ జార్‌ను దించింది, అక్టోబర్ ఇన్కిలాబ్ బోల్షివిక్కులకు హుకూమత్ అప్పగించింది.

ఆ జమానా స్టాంపుల మీద షౌఖ్ ఉన్నవాళ్లు రెండు రకాలు. ఒకరు స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీసి ఆల్బంలో పెట్టుకుంటారు. రెండోవాళ్లు లిఫాఫాను ముట్టుకోరు, మొత్తంగా దాచుతారు. స్టాంపు, దాని మీద పడ్డ ముద్ర, ముద్రలోని ఊరు, తారీఖు, కట్టిన రుసుము, సెన్సార్ గుర్తు, చిరునామా రాసిన చెయ్యి, అన్నీ కలిపి చదువుతారు. దీన్నే పోస్టల్ హిస్టరీ అంటారు. స్టాంపు హుకూమత్ మాట చెబుతుంది, లిఫాఫా అవామ్ హాల్ చెబుతుంది.

జార్ పోయినా అతని నిశాని, రెండు తలల గద్ద, స్టాంపుల మీద ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. కొత్త హుకూమత్ దగ్గర పాత నిల్వలే ఉన్నాయి. 1918 నవంబరులో, ఇన్కిలాబ్‌కు ఏడాది నిండినప్పుడు, కత్తి పట్టిన చెయ్యి గొలుసును తెంచుతున్న బొమ్మతో 35, 70 కోపెక్కుల స్టాంపులు వచ్చాయి. ఆ బొమ్మ గీసింది లాత్వియా కళాకారుడు రిహార్డ్స్ జారిన్ష్. అదీ బోల్షివిక్కుల కోసం గీసింది కాదు, వాళ్లకు ముందున్న తాత్కాలిక హుకూమత్ రోజుల్లో తయారైంది. 1920 మార్చిలో గద్ద బొమ్మ ఉన్న కోపెక్కు స్టాంపుల కీమత్ వంద రెట్లు చేశారు: 1 కోపెక్కు అని అచ్చయిన స్టాంపు 1 రూబుల్‌కు చెల్లింది. స్టాంపు మీద మాత్రం ఏ మార్పూ లేదు. 1922లో అదే గద్ద మీద సుత్తీ కొడవలీ ఉన్న నక్షత్రాన్ని అచ్చు గుద్దారు. కొత్త జమానా పాత జమానా నెత్తిన కూర్చున్న తస్వీర్ అది.

అన్నిటికన్నా అజీబ్ లిఫాఫాలు స్టాంపు లేనివి. 1919 జనవరి 1 నుంచి మామూలు ఖత్‌లు, కార్డులు ముఫ్త్‌గా పంపుకోవచ్చని హుకుం వచ్చింది. 1921 ఆగస్టు దాకా ఆ సహూలియత్ నడిచింది. దేశంలో ఖానా జంగీ, ఊళ్లు చేతులు మారుతున్నాయి, కాగితానికి కరువు. పాత ఫారాలనూ వాడిన కవర్లనూ తిరగేసి లిఫాఫాలు చేసుకున్నారు. స్టాంపు లేదని పారేసేవాళ్లకు అవి చెత్త. తెలిసినవాళ్లకు అవే ఖజానా.

1921లో వోల్గా తీరాన కహత్ పడింది. తాతార్, బష్కీర్ ముస్లిం ఇలాకాలు కూడా అందులో నలిగిపోయాయి. సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. అదే ఏడు వోల్గా ఆకలి బాధితుల మదద్ కోసం 2250 రూబుళ్ల స్టాంపులు తెచ్చారు. 1922 ఆగస్టు 19న పాత గద్ద స్టాంపుల మీద 'ఫిలాటెలీ, పిల్లల కోసం' అనే అర్థం వచ్చే మాటలు గుద్ది అమ్మారు. స్టాంపుల షౌఖ్ నుంచి వచ్చే పైసాతో ఆకలి పిల్లలకు అన్నం పెట్టడం మఖ్సద్. హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికన్ రిలీఫ్ సంస్థ ఇంకో దారి తెరిచింది. పరాయి దేశంలో ఉన్న రిష్తేదార్ 10 డాలర్లు కడితే రష్యాలో ఉన్నవాళ్లకు పిండి, బియ్యం, టీ, చక్కెర, కొవ్వు, పాల డబ్బాలు అందేవి. మీ పేరున పార్శిల్ ఉంది, వచ్చి తీసుకోండి అని డాక్‌లో కార్డు వచ్చేది. ఆ కార్డు చేతికి అందిన రోజు ఆ ఇంట్లో ఈద్ లాగే ఉండి ఉంటుంది.

రూబుల్ హాలత్ కూడా లిఫాఫా మీదే కనబడుతుంది. 1922 రూబుల్ ఒకటి పాత 10,000 రూబుళ్లకు సమానం. 1923లో దానికి మళ్లీ రెండు సున్నాలు కోసేశారు. ఒక్క ఖత్‌కు ముందూ వెనకా స్టాంపులు అంటించి, చిరునామాకు జాగా మిగలని కవర్లు ఆ రోజులవే.

ఇలాంటి వాటిలో నఖిలీ సరుకు చాలా ఉంది. నక్షత్రం గుద్దడం మోసగాళ్లకు కష్టం కాదు. అందుకే సమఝ్‌దార్ ముందు తారీఖు చూస్తాడు. రష్యాలో 1918 జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. కొత్త క్యాలెండర్ కోసం మధ్య రోజులు తీసేశారు. ఆ ఏడాది ఫిబ్రవరి 5 అని రష్యా ముద్ర ఉంటే గుమాస్తా పాత లెక్కే వాడి ఉండాలి, లేదా ఆ ముద్రే అబద్ధమై ఉండాలి. ఆ రోజుకు ఆ రుసుము సరిపోతుందా, ఆ ఊరు అప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ కుదిరితేనే లిఫాఫా అసలీ. 1919లో బాకూలో ఆజాద్ అజర్‌బైజాన్ రిపబ్లిక్ తెచ్చిన స్టాంపులు వాడనివి సులభంగానే దొరుకుతాయి. నిజంగా డాక్‌లో తిరిగిన లిఫాఫా దొరకడమే ముష్కిల్. 1920 ఏప్రిల్‌లో ఎర్రసేన రావడంతో ఆ హుకూమత్ ఉమ్ర్ రెండేళ్లు కూడా నిండకుండానే ముగిసింది.

ఒక మాట నన్ను వదలదు. ఆ రోజుల్లో కజాన్ తాతార్లు తమ జబాన్‌ను అరబీ లిపిలో రాసేవాళ్లు. 1920ల చివర లిపిని లాటిన్‌కు మార్చారు, ఇంకో పదేళ్లకు రష్యన్ అక్షరాలకు మార్చారు. దాదా రాసిన ఖత్ ఇంట్లోనే ఉంది, జబాన్ అదే, కానీ పోతా చదవలేడు. కహత్‌ను తట్టుకున్న కాగితం లిపి దగ్గర మూగబోయింది.

మన దగ్గర ఎవరూ హుకుం ఇవ్వలేదు, అయినా మన ఇళ్లలో జరిగింది అదే. నాన్నలు గల్ఫ్ నుంచి రాసినవి, హైదరాబాద్ రియాసత్‌కు సొంత డాక్ ఉన్న రోజుల్లో దాదాలు రాసినవి, ఎన్నో ఉర్దూ ఖత్‌లు సందూకుల అడుగున ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు వాటిని తిరగేసి పెట్టేస్తున్నారు. స్టాంపు కోసం లిఫాఫా చించకండి. చదవగలిగిన బుజుర్గులు ఇంట్లో ఉండగానే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చదివించండి, ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో తెలుగులో రాసి పెట్టండి. అది వాళ్లు మనకు వదిలిన అమానత్.